ఆల్చిప్పల కోసం బెజవాడంతా తిరిగిన మా అత్త

మా అత్త పోయిందన్న కబురు నాకు విజయవాడలో, ఒక హోటలు కౌంటరు ముందు అందింది. నెలాఖరు శనివారం మధ్యాహ్నానికి పొడుగు టేబుల్ ఒకటి కావాలని మేనేజరుని అడుగుతున్నాను. ఆ రోజు ఆల్చిప్పలు ఉండి తీరాలని, లేకపోతే ముందే చెప్పాలని, తీరా వచ్చాక అయిపోయాయంటే మర్యాదగా ఉండదని కొంచెం గొంతు పెంచే అంటున్నాను. అప్పుడు మోగింది ఫోను. నాన్న.

"అత్త లేదురా," అన్నాడు.

పొద్దున్నే కాఫీ కలుపుకుని స్టూలు మీద కూర్చుందట. కూర్చున్నది కూర్చున్నట్టే గోడకి ఒరిగిపోయిందట. పక్కింటివాళ్లు చూసేసరికి కాఫీ ఇంకా వెచ్చగానే ఉందట.

మేనేజరుకి ఇదేమీ తెలీదు. పెన్ను పట్టుకుని, "ఎవరి పేరు మీద రాయమంటారు సార్?" అన్నాడు.

నేను అత్త పేరు చెప్పాను.

జగ్గయ్యపేటలో నన్నెరిగినవాళ్లలో చాలామంది నన్ను కరపత్రాలు పంచేవాడిగానే ఎరుగుదురు. బస్టాండులో మీరు చదవకుండా మడిచి జేబులో పెట్టుకున్న పసుపు కాగితాల్లో సగం నేను రాసినవే. ఇది కరపత్రం కాదు. ఇందులో డిమాండ్లు లేవు. ఆల్చిప్పలు బాగా వండే హోటలు కోసం నాతో కలిసి బెజవాడంతా గాలించిన మనిషి గురించి చెప్పుకుంటున్నాను. చెప్పుకుంటుంటే ఇప్పటికీ నాకు గుండె గబగబా కొట్టుకుంటోంది. దుఃఖంతో కాదు, ఆ తిరుగుడు అలాంటిది మరి.

అత్త మా నాన్నకి అక్క. పుట్టింది చెవిటికల్లులో, చర్చి వెనక ఇళ్లలో. పెళ్లి చేసుకోలేదు. నందిగామ చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి, చివరికి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయింది. వేసవిలో కృష్ణలో నీళ్లు తగ్గగానే ఆ ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు మోకాటి లోతు నీళ్లలోకి దిగేవాళ్లట. చేతులతో కాదు, కాలివేళ్లతో వెతకాలి. బురదలో వేళ్లు ఆడిస్తూ నడుస్తుంటే గట్టిగా, చల్లగా ఒకటి తగులుతుంది. వంగి తీస్తే ఆల్చిప్ప. "చూడకుండా వెతికే పని రా అది. మొహం మాత్రం ఆకాశం కేసి పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటుంటాం," అనేది. అరవయ్యేళ్లు దాటినా మంచి ముచ్చట ఏదైనా చెప్పేటప్పుడు చెప్పులు వదిలేసి కాలివేళ్లు కదిలించే అలవాటు ఆవిడకి పోలేదు.

ఈ హోటళ్ల వేట ఎందుకు మొదలయిందో చెప్పాలి. ఒకరోజు నందిగామలో వాళ్లింట్లో పచ్చిమామిడికాయలు తరుగుతూ ఆవిడే చెప్పింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో అత్తది వీరులపాడు వైపు ఒక బడి. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పింది. పై గిన్నెలో వాళ్లమ్మ చేసిచ్చిన ఆల్చిప్పల వేపుడు. పక్కన కూర్చున్న తెలుగు టీచరు, "ఏంటమ్మా అది, ఘుమఘుమలాడిపోతోంది?" అని అడిగింది. అత్త సంబరంగా చెప్పింది. తెలుగు టీచరు నవ్వింది. నవ్వుతూనే తన గిన్నె తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి కూర్చుంది. ఆవిడ వెనకాలే మిగతావాళ్లూ లేచారు. వాళ్లేమీ శాకాహారులు కారు. కోడి, మేక, చేప అన్నీ తినే ఇళ్లవాళ్లే.

"తిట్టినా బాగుండేది రా," అంది అత్త. "ఎంత మర్యాదగా లేచారో."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా అత్త క్యారేజీలో పప్పు, పెరుగన్నం తప్ప మరోటి వెళ్లలేదు.

అసలు నాకు ఒళ్లు మండిన సంగతి ఇంకోటి ఉంది. ఆల్చిప్ప వీపుని గరుకు రాయి మీద అరగదీస్తే మధ్యలో చిల్లు పడుతుంది. ఆ చిల్లు అంచు కత్తిలా ఉంటుంది. పచ్చిమామిడికాయ మీద దాన్ని పెట్టి లాగితే చెక్కు పొడుగ్గా రిబ్బనులా ఊడొస్తుంది. పీలర్లు వచ్చేదాకా ఊళ్లో ప్రతి వంటింట్లో అదే ఉండేది. ఏటా మామిడికాయల రోజుల్లో అదే స్టాఫ్ రూములో అదే తెలుగు టీచరు అడిగేదట: "మీ ఊరు ఏటి ఒడ్డేగా, చెక్కు తీసుకోడానికి రెండు గుల్లలు పట్టుకురావూ?" అత్త పట్టుకెళ్లేది. అదీ ఊరికే కాదు, తనే రాతిమీద అరగదీసి, గుండ్రంగా చిల్లు చేసి మరీ.

"గుల్ల వాళ్ల వంటింట్లో ఉండొచ్చు, లోపలిది నీ గిన్నెలో ఉండకూడదా?" అని నేను లేచి నిలబడ్డాను. "ఆవిడతో ఇన్నేళ్లు స్నేహం ఎలా చేశావ్ అత్తా? నేనైతే ఆ గుల్ల మొహాన కొట్టేవాణ్ణి."

"కూర్చోరా. ఆ మనిషే నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆస్పత్రిలో నా మంచం పక్కనే ఉంది. నా గిన్నె దగ్గర తప్ప ఎక్కడా తప్పు చెయ్యలేదు."

"మరి ఆ గిన్నె సంగతి?"

అత్త చేతిలో కాయ కింద పెట్టింది. "అదే నా పట్టుదల. ఆ స్టాఫ్ రూమంతటినీ బెజవాడలో మంచి హోటల్లో కూర్చోబెట్టాలి. తెల్ల గుడ్డ పరిచిన టేబుల్. పింగాణీ పళ్లెం. సర్వరు మూత తీసి వడ్డించాలి. ఆల్చిప్పలు. వాళ్లు తినాలి, నేను పక్కన కూర్చుని చూడాలి."

నాకు రక్తం ఉరకలు వేసింది. "ఏంటో చెప్పకుండా తినిపిద్దాం. లొట్టలేస్తూ తిన్నాక అప్పుడు చెబుదాం. మొహాలు చూడాలి!"

"చీ, అది మోసం. ముందే చెప్పి పిలుస్తా. తెలిసి తినాలి."

అలా మొదలయింది. వీలైనప్పుడల్లా ఒక శనివారం నేను జగ్గయ్యపేటలో బస్సెక్కేవాణ్ణి. కిటికీ పక్క సీటులో నా సంచీ పెట్టేవాణ్ణి, అది అత్త సీటు. నందిగామలో ఆవిడ ఎక్కేదాకా ఆ సీటు కాపాడటం నా పోరాటాల్లోకెల్లా కష్టమైనది. "ఏం బాబూ, సంచీకి టిక్కెట్టు తీశావా?" అనేవాళ్లు. "మా అత్తకి మోకాళ్ల నొప్పులండి," అంటే కొందరు వదిలేసేవాళ్లు. వదలని వాళ్లతో నందిగామ దాకా వాదన నడిచేది. అత్త ఎక్కగానే ఆ వాదన పెట్టుకున్నవాళ్లకే చేతిసంచీలోంచి జంతికలు తీసి పెట్టేది. నాకు మాత్రం, "గొంతు దాచుకోరా, హోటల్లో అవసరం పడుద్ది," అనేది.

మొదటి హోటలు అద్దాల తలుపుల పెద్ద హోటలు. మెనూలో ఆల్చిప్పలకి ఇంగ్లీషులో 'మసెల్స్' అని ఉంది. అత్త కళ్లద్దాలు సర్దుకుని, ఇంగ్లీషు పాఠం చదివించినట్టు వేలు పెట్టి చదివింది. చేతిసంచీలోంచి చెవిటికల్లు ఆల్చిప్ప తీసి సర్వరుకి చూపించింది. "ఇదే జాతి కదా బాబూ?" అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదెక్కడ కొన్నారండి?" అన్నాడు. వచ్చిన పళ్లెంలో ఒక్కో గుల్ల మీద దిబ్బలా చీజు. అత్త స్పూనుతో తవ్వింది. తవ్వగా తవ్వగా అడుగున రబ్బరు ముక్క లాంటిది తగిలింది.

"పాపం, సమాధి కూడా కట్టేశారు," అంది.

నేను నవ్వాపుకోలేక నీళ్లు మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యాను.

తర్వాత భవానీపురం వైపు ఒక హోటలు. పైనుంచి కృష్ణ కనపడుతోంది కాబట్టి ఇక్కడ బాగుంటుందని నేనే తీసుకెళ్లాను. మసాలా బాగానే ఉంది. రెండో ముద్దకి కరకరమంది. ఇసుక! నాకు కోపం తలకెక్కింది. సర్వరుని పిలిచి, "జనాన్ని ఏమనుకుంటున్నారు మీరు? డబ్బు తీసుకుని ఇసుక పెడతారా?" అని మొదలుపెట్టాను. చుట్టుపక్కల టేబుళ్లన్నీ మావైపు తిరిగాయి. అత్త నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆ సర్వరుని దగ్గరికి పిలిచి, "వండే ముందు ఉప్పునీళ్లలో పెట్టి ఉంచమని చెప్పు నాయనా. అవే కక్కేస్తయ్యి," అంది. అతను తలూపి వెళ్లాక నాకేసి తిరిగింది.

"ఆల్చిప్పలు వండేటప్పుడు నాకు ఆకలేస్తే మాటిమాటికీ మూత తీసేదాన్ని. మా అమ్మ చేతిమీద ఒకటేసేది. మూత తీస్తే ఆవిరి పోద్ది, ఆవిరి పోతే అవి తెరుచుకోవు. నువ్వు మూత తీసే రకంరా. కాసేపు ఉండనీ. అవే తెరుచుకుంటయ్యి."

నేను పోట్లాడాను. ఇలా ఊరుకోబట్టే ఇన్ని తరాలు ఇలా ఉన్నామన్నాను. నా కరపత్రంలోని రెండు పేరాలు కంఠతా అప్పజెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "బాగా రాశావ్. రెండో పేరాలో ఒక వాక్యం మరీ పొడుగయింది," అంది. తిరుగు బస్సులో ఆ వాక్యాన్ని రెండుగా విరిచిచ్చింది. ఇప్పటికీ నేను అలాగే అచ్చేస్తున్నాను.

మూడోది రైల్వే స్టేషను దగ్గర సందులో, ఒక మలయాళీ ఆయన నడిపే చిన్న మెస్సు. ఎవరో చెబితే నమ్మకం లేకుండానే వెళ్లాం. ఇరుకు మెట్లెక్కాలి. బెంచీలు, రేకు కప్పు. అరటాకు ముక్కలో వేపుడు తెచ్చి పెట్టాడు. మిరియాలు, కొబ్బరి ముక్కలు, కరివేపాకు. అత్త ఒకటి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది. ఏమయిందోనని నేను భయపడ్డాను.

"దొరికిందిరా," అంది. "ఒరేయ్, దొరికింది!"

నేను బెంచీ మీద చరిచాను. మలయాళీ ఆయన పరుగున వచ్చాడు. ఆయనకి తెలుగు అంతంతమాత్రం, మాకు మలయాళం శూన్యం. ఆ సంతోషంలో అవేవీ అడ్డు రాలేదు. ఆయన చేతులూపుతూ ఏదో చెబుతుంటే అత్త తలూపింది. అత్త తన కాళ్లు చూపించి ఏట్లో ఎలా వెతికేవాళ్లో నడిచి చూపించింది. ఆయన పడీ పడీ నవ్వి ఇంకో ఆకు నిండా తెచ్చిపెట్టాడు.

మెట్లు దిగుతూ, "ఇక టేబుల్ చెప్పేద్దాం," అన్నాను.

"ఇక్కడ నేను ఎన్నిసార్లయినా తింటా. వాళ్లని ఇక్కడ కూర్చోబెట్టను."

"అంటే గౌరవం అద్దాల తలుపుల్లో ఉందా? బెంచీ మీద కూర్చుంటే పోద్దా? నువ్వు కూడా ఇలా మాట్లాడితే ఎలా అత్తా?"

"ఇలాంటి బెంచీ మీద తింటే, వీళ్ల తిండి ఇంతేలే అనుకుని వెళ్తారు. తెల్ల గుడ్డ మీద చూడాలి. ఇది నా విందురా, నీ సభ కాదు."

మా మాటలు విన్నాడో, ఎంత అర్థమయిందో, మలయాళీ ఆయన పైనుంచి కేకేసి పిలిచాడు. ఆయన తమ్ముడు బందరు రోడ్డు మీద పెద్ద హోటల్లో వంటచేస్తాడట. కాగితం మీద ఆ హోటలు గుర్తులు గీసిచ్చాడు. అది పట్టుకుని అప్పటికప్పుడే ఆటో ఎక్కాం. కడుపులో జాగా లేదు. అయినా ఎక్కాం.

అక్కడ అన్నీ ఉన్నాయి. ఏసీ చలి, తెల్ల గుడ్డ, పింగాణీ, మూత తీసే సర్వరు. మూత తీశాడు. ఆవిరి పైకి లేచింది. లోపల ఆల్చిప్పలు, అంచుల్లో ఆకుపచ్చ మెరుపుతో, రెక్కలు విప్పుకుని ఉన్నాయి. అత్త మొదటిదాన్ని వేళ్లతో తీసి తింది. ఆ ఖాళీ గుల్లని పట్టకారులా పట్టుకుని రెండోదాంట్లోది లాగింది. దాంతోనే మూడోది. చిన్నప్పుడు ఏటి ఒడ్డున అలాగే తినేవాళ్లట. స్పూను అలాగే మడత గుడ్డ మీద ఉండిపోయింది. నా రుమాలు జారిపడితే వంగి తీసుకోబోయాను. టేబుల్ గుడ్డ కింద అత్త చెప్పులు ఒక పక్కకి పడి ఉన్నాయి. కాలివేళ్లు తివాచీలో మెల్లగా కదులుతున్నాయి.

ఇంకేమీ అడగక్కర్లేదని నాకు అర్థమయింది.

ఆ సాయంత్రం బస్సులోంచే అందరికీ ఫోన్లు చేసింది. "నా చేతివంట కాదులెండి, హోటలు వంట. ఆల్చిప్పలు. ఆఁ, అవే. తెలిసే రండి." డ్రిల్లు మాస్టారు వెంటనే సరేనన్నాడు. సైన్సు టీచరు వస్తానంది. తెలుగు టీచరు మాత్రం, "చూస్తాలే" అందట. ఆ ఒక్క మాటా అత్త నందిగామలో దిగేదాకా నాలుగైదుసార్లు నాకు వల్లించింది. "చూస్తాలే అందిరా. రాననలేదు."

టేబుల్ చెప్పడానికి నన్నొక్కణ్ణే పంపింది, మోకాళ్లు లేవనివ్వలేదని. తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

సమాధి అయ్యాక నాన్న, "ఆ హోటలుకి ఫోన్ చేసి వద్దని చెప్పు. మట్టి తడైనా ఆరలేదు, విందేంటి?" అన్నాడు. నేను కేకలేశాను. ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క పని ఇదని, దీన్నీ పూడ్చేస్తారా అని. నాన్న ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరం అలా గోడకి ఆనుకుని ఉండగా అత్త ఫోను మోగింది. నా దగ్గరే ఉందది. తెలుగు టీచరు.

"శనివారం ఉన్నట్టా, లేనట్టా బాబూ?"

"ఉన్నట్టేనండి," అన్నాను. నాన్న వద్దనలేదు.

"అయితే వస్తున్నా."

ఆ శనివారం జగ్గయ్యపేటలో బస్సెక్కి, నాకు తెలీకుండానే కిటికీ పక్కన సంచీ పెట్టాను. నందిగామలో తెలుగు టీచరు ఎక్కింది. నేను ఫోటోల్లో చూసిన మనిషే, జుట్టు తెల్లబడింది. సీటు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇది ఎవరిది?"

"మా అత్తదండి."

ఆవిడ కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కంచికచర్ల దాటాక గాని నాకు బుద్ధి రాలేదు. సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "కూర్చోండి. అత్త చూస్తే నన్ను తిట్టేది." కూర్చుంది.

టేబుల్ మీద చిన్న అట్టముక్క, దానిమీద అత్త పేరు. డ్రిల్లు మాస్టారు దాన్ని సరిగ్గా నిలబెట్టి ముక్కు చీదుకున్నాడు. నా జేబులో నాలుగు పేజీల కాగితం ఉంది. ఆ వారమంతా కూర్చుని రాసింది. దానికి పేరు కూడా పెట్టాను, 'గుల్ల మీకు, ఎగతాళి మాకా?' అని. మూత తీయగానే లేచి చదవాలని నా ఏర్పాటు.

సర్వరు మూత తీశాడు. ఆవిరి లేచింది. డ్రిల్లు మాస్టారు, "అబ్బో, అన్నీ అటెన్షన్‌లో ఉన్నాయే!" అని ఒకటి అందుకున్నాడు. సైన్సు టీచరు స్పూనుతో మొదలుపెట్టింది. తెలుగు టీచరు మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని పళ్లెంకేసి చూస్తూ కూర్చుంది. నా చెవులు వేడెక్కాయి. ఇంత జరిగినా, ఇక్కడిదాకా వచ్చి కూడా! కుర్చీ వెనక్కి నెట్టాను. కాగితం సగం బయటికొచ్చింది.

మూత తీసే రకంరా నువ్వు.

అత్త గొంతు అంత స్పష్టంగా మళ్లీ ఎప్పుడూ వినలేదు. కూర్చున్నాను. కాగితం లోపలికి తోశాను. నా జీవితంలో నోరు మూసుకుని కూర్చున్న మొదటిసారి అదేనేమో.

కాసేపటికి తెలుగు టీచరే నోరు తెరిచింది, పళ్లెంతో మాట్లాడుతున్నట్టు.

"ప్రతి వేసవిలో మీ అత్తనే గుల్లలు అడిగేదాన్ని బాబూ. ఎంత గుండ్రంగా చేసి తెచ్చేదో చిల్లు. ఆ లోపలిది ఏమయిందే అని ఒక్కసారి అడగలేదు." ఆగింది. "అడిగుంటే, చెప్పేది. ఓ ముద్ద పెట్టేది కూడా."

ఆవిడ స్పూను కోసం తడుముకుంది. "అలా కాదండి," అని నేను ఒకటి తీసి తిని, ఖాళీ గుల్లని పట్టకారులా పట్టుకుని చూపించాను. "అత్త ఇలా తినేది." ఆవిడ ఆ గుల్ల నా చేతిలోంచే తీసుకుంది. మొదటిది జారిపోయింది. రెండోది దొరికింది. కళ్లు మూసుకుని నమిలింది.

"ఆ రోజు స్టాఫ్ రూములో వచ్చిన వాసన ఇదే," అంది. "నోరూరింది. నోరూరుతుంటేనే లేచెళ్లాను."

ఆ తర్వాత ఆ టేబుల్ మీద జరిగిన సందడి నేను వర్ణించలేను. రెండో గిన్నె తెప్పించాం. మూడోది తెలుగు టీచరే తెప్పించింది. వంటగదిలోంచి మలయాళీ తమ్ముడు వచ్చి చూసిపోయాడు. డ్రిల్లు మాస్టారు గుల్లలతో తాళం వేస్తూ అత్త బడి గంట ఎలా కొట్టించేదో అభినయించాడు. మేం నవ్విన నవ్వుకి పక్క టేబుల్ వాళ్లు ఏం తెప్పించుకున్నామో అడిగి వాళ్లూ అదే చెప్పారు. అత్తా, నువ్వు ఉండుంటే చెప్పులు ఎక్కడ వదిలావో కూడా మర్చిపోయేదానివి.

వెళ్లేముందు తెలుగు టీచరు సర్వరుని పిలిచి, ఖాళీ గుల్లలు కడిగి పొట్లం కట్టివ్వమంది.

పోయినవారం ఆవిడ జగ్గయ్యపేట వచ్చింది, మా ఇల్లు వెతుక్కుంటూ. చెక్కు తీసి ముక్కలు కోసిన మామిడికాయలు ఒక గిన్నెలో తెచ్చింది, ఉప్పూ కారం చల్లి. దాంతోపాటు రుమాలులో చుట్టిన ఆల్చిప్ప ఒకటి. "హోటల్లోది సముద్రపు గుల్ల, పలచనయ్యా. రాతిమీద అరగదీస్తూ మూడు పగలగొట్టాను. ఇది నాలుగోది," అంది. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. మా మెట్టు మీదే కూర్చుని, నాన్నా నేనూ ముక్కలన్నీ తినేదాకా కదల్లేదు.

ఆ గుల్ల మా కిటికీ గూట్లో ఉంది. చిల్లు గుండ్రంగా లేదు, ఒక పక్క ఎక్కువ అరిగిపోయింది. పొద్దున ఎండ దాంట్లోంచి దూరి ఎదుటి గోడ మీద పడుతుంది, వంకరగా, బొట్టంత వెలుతురు. కాసేపు అక్కడే ఉండి, మెల్లగా అత్త ఫోటో వైపు జరుగుతుంది.